నిర్నిద్ర దీక్ష

ఆ ఆసుపత్రికి రెండు గదులు, ఒక వరండా. మొదటి గదిలో డాక్టరు, రెండో గదిలో మందుల బీరువాలు, ఆ బీరువాల మధ్య కాంపౌండరు. ఇరవై రెండేళ్లుగా ఆయన కుర్చీ మందులిచ్చే కిటికీ వెనకే ఉంది. ఆయన చేసే పనిలో సగం పని ఒక రబ్బరు ముద్ర కొట్టడం. ముద్ర మీద ఒకే ఒక్క మాట: 'యథాప్రకారం'.

రిటైరైపోయిన పాత డాక్టరుగారు చేయించిన ముద్ర అది. నిద్రమాత్రల వాళ్లు ప్రతిసారీ లోపలికొచ్చి అవే మాటలు చెబుతుంటే ఆయనకు విసుగొచ్చి, ఒకరోజు ముద్ర తెచ్చి కాంపౌండరు చేతిలో పెట్టారు. అప్పట్నుంచీ పని సాఫీగా సాగిపోయింది. కిటికీలోంచి చీటీ లోపలికి రావడం, ముద్ర ధన్‌మని పడటం, నెలకు సరిపడా మాత్రలు బయటికి పోవడం. కాంపౌండరు ఆ ముద్రను వంకర పోకుండా కొట్టేవాడు. అదొక్కటీ ఆయనకు గర్వంగా ఉండేది.

ఎవరైనా కొత్తవాళ్లు, "ఇది వేసుకుంటే ఏం కాదు కదండీ?" అని అడిగేవారు. వాళ్లకు ధైర్యం చెప్పాలని ఒకసారి, "ఏం కాదమ్మా, నేనూ వేసుకుంటాను" అనేశాడు. అది అబద్ధం. కాంపౌండరుకి అబద్ధం ఒంటికి పడదు. సాయంత్రం ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చున్నా ఆ మాటే గుచ్చుకుంటూ ఉంది. చివరికి ఒక మాత్ర వేసుకుని, అన్న మాట నిజం చేసుకుని, హాయిగా పడుకున్నాడు. మర్నాడు ఇంకొకరు అదే అడిగారు. అలా తొమ్మిదేళ్లు గడిచాయి.

కొత్త డాక్టరమ్మ వచ్చింది. ముప్పై రెండేళ్లుంటాయి. సన్నగా, చురుగ్గా, ప్రతి కాగితాన్నీ వెనక్కి కూడా తిప్పి చూసే రకం. మూడో రోజు రిజిస్టరు ముందేసుకుని కాంపౌండరును పిలిచింది.

"కాంపౌండర్ గారూ, ఈ చుట్టుపక్కల ఏమైనా జరిగిందా? అగ్నిప్రమాదం, వరద లాంటివి?"

"అబ్బే, ఏం లేదండీ. చల్లని చోటు."

"మరి రెండొందల పదకొండు మందికి నిద్రెందుకు పట్టట్లేదు?"

"పడుతోందండీ. మాత్ర వేసుకుంటున్నారుగా."

డాక్టరమ్మ చెయ్యి చాచి ముద్ర అడిగి పుచ్చుకుని, తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుని జిప్పు లాగేసింది. కాంపౌండరుకి తన కుడిచెయ్యి ఎవరో పట్టుకుపోయినట్టయింది.

అప్పటికే పై ఆఫీసు నుంచి ఒక కాగితం కూడా వచ్చి ఉంది, నిద్రమాత్రల వాడకం సగానికి తగ్గించమని. ఎలా తగ్గించాలో అందులో లేదు. డాక్టరమ్మ తన పద్ధతి తనే ఆలోచించుకుంది. అందరినీ ఒక్కొక్కరినే పిలిచి రెండే ప్రశ్నలు అడగడం: ఈ మాత్ర ఎందుకు మొదలుపెట్టారు? ఆ కారణం ఇప్పుడూ ఉందా? పక్కన కూర్చుని రాసుకునే పని కాంపౌండరుకి పడింది.

ముందు టైలరు వచ్చాడు. మెడలో టేపు అలాగే వేలాడుతోంది.

"మా ఇంటి ఎదురుగా పెద్ద బిల్డింగు కట్టారండీ. రాత్రిళ్లు ఒకటే మోత. నిద్రుండేది కాదు. పదిహేను రోజులు వేసుకోమన్నారు పాత డాక్టరుగారు."

"ఎన్నేళ్లయింది?"

"పదకొండు."

"ఆ బిల్డింగు ఇంకా కడుతున్నారా?"

"పూర్తయిపోయిందండీ. ఇప్పుడు మేం దాంట్లోనే అద్దెకుంటున్నాం."

తర్వాత టైలరు భార్య. మాత్ర వేసుకున్న దగ్గర్నుంచీ భర్త గురక రంపంతో కోసినట్టుంటుందనీ, అది వినబడకుండా తనూ వేసుకుంటున్నాననీ చెప్పింది. "మరి ఆయన మానేస్తే?" అంటే, "ఆయన మానేస్తే నాకెందుకండీ మాత్ర?" అంది. "మీరు మానేస్తే?" అని టైలర్ని అడిగితే, "ఆవిడ గురక వినబడుతుందండీ" అన్నాడు.

ఒక రిటైర్డు పోస్ట్‌మ్యాన్ తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోందని మొర పెట్టుకున్నాడు.

"రాత్రి ఎన్నింటికి పడుకుంటారు?"

"ఏడింటికమ్మా."

"ఏడు నుంచి మూడు దాకా ఎనిమిది గంటలు. ఇంక నిద్ర లేకపోవడమేంటి బాబాయ్?"

"ఉందనుకో. కానీ లేచేసరికి చీకటిగా ఉంటోంది కదా!"

ఇదంతా ఒక ఎత్తు, బిస్కెట్ల డబ్బా పట్టుకుని వచ్చిన పెద్దావిడ ఒక్కతే ఒక ఎత్తు. డబ్బా బల్ల మీద పెట్టి మూత తీసింది. నిండా మాత్రలు.

"మా ఆయనవి. పాపం, పోయి నాలుగేళ్లయింది."

"ఆయన పోయినా మాత్రలు తీసుకుంటున్నారా?"

"చీటీ మీద 'యథాప్రకారం' అని ఉంది కదమ్మా. రాకపోతే ఈ కాంపౌండరు బాబు ఏమైనా అనుకుంటాడని వచ్చేదాన్ని."

పోయిన మనిషికి నాలుగేళ్లు వంకర పోకుండా ముద్ర కొట్టిన కాంపౌండరు తల పుస్తకంలో దూర్చేశాడు. నెలకొకటి చొప్పున నలభై ఎనిమిదిసార్లు కొట్టానని లెక్క తేలింది. డాక్టరమ్మ ఆయన్ని తిట్టకుండా డబ్బా మూత పెట్టి తర్వాతి పేరు పిలిచింది. అదే ఆయనకు ఎక్కువ బాధ అయింది.

ఆఖర్న హెడ్మాస్టారు వచ్చారు. ఉద్యోగం వదిలి పదేళ్లయినా నడకలో గంట కొట్టినట్టుండే మనిషి. కుడి మణికట్టుకు పిండికట్టు.

"రాత్రి బాత్రూముకి లేచి పడ్డారా?" అంది డాక్టరమ్మ.

"అక్కడ గచ్చు నున్నగా ఉంది."

"గచ్చు కాదు మాస్టారూ, మాత్ర. రాత్రి వేసుకున్న మాత్ర మత్తు తెల్లారి దాకా ఉంటుంది. కాళ్లు తూలుతాయి, జ్ఞాపకాలు మసకబారతాయి. పెద్దవాళ్లకి మరీనూ."

"నేనెప్పుడూ ఏదీ మర్చిపోను."

"ఇదే మాట ఇప్పటికి మూడుసార్లు చెప్పారు."

హెడ్మాస్టారి మొహం కందగడ్డలా అయింది.

వారం తిరిగేసరికి వరండాలో కాగితం అంటించారు. ఒక్కసారిగా ఎవరూ మానకూడదు, అది ప్రమాదం. రెండు వారాలకొక పావు చొప్పున తగ్గించుకుంటూ రావాలి. ఎవరికైనా కష్టమైతే వాళ్లకి ఇంకా మెల్లగా. పగలు కునుకు తియ్యకూడదు. రోజూ ఒకే వేళకి లేవాలి. మధ్యాహ్నం దాటాక టీ, కాఫీ వద్దు. నిద్ర వచ్చినప్పుడే మంచమెక్కాలి.

కాంపౌండరు బ్లేడు పెట్టి మాత్రలు కొయ్యడం మొదలుపెట్టాడు. కోసిన ముక్కలు సమానంగా లేవని కిటికీ దగ్గర తగువులు. టైలరయితే సుద్దముక్కా టేపూ తెచ్చుకుని, మాత్ర మీద తనే గీత గీసి ఇచ్చి, "ఇక్కడ కొయ్యండి, పావు అంగుళం మడత వదిలి" అన్నాడు. మూడో రోజుకి గోల చెయ్యి దాటింది. హెడ్మాస్టారు వరండా మధ్యలో నిలబడి, పిండికట్టు పైకెత్తి ప్రకటించారు.

"నిద్ర మన హక్కు. పావు తక్కువ నిద్ర మనకొద్దు. నిండు మాత్ర ఇచ్చేదాకా మనం కన్ను మూయం. నిర్నిద్ర దీక్ష!"

నిద్ర పట్టడం లేదన్న వాళ్లు నిద్రపోమని పంతం పట్టడమేమిటని అక్కడ ఎవరికీ తోచలేదు. అరవై మూడు మంది చప్పట్లు కొట్టారు. మర్నాటికల్లా ఆసుపత్రి ఆవరణలో టెంటు వెలిసింది.

అక్కడే అసలు చిక్కు వచ్చిపడింది. ముక్క మాత్ర ముట్టమని కూడా వాళ్లు ఒట్టు పెట్టుకున్నారు. ఇస్తే నిండుది ఇవ్వాలి, లేకపోతే ఏదీ వద్దు. ఏళ్ల తరబడి వేసుకున్న మందు ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణకడం దగ్గర్నుంచి ఫిట్స్ దాకా దేనికైనా దారి తియ్యొచ్చు. ఈ కబురు వినగానే డాక్టరమ్మ పరుగున టెంటులోకి వెళ్లింది. వెనకాల కాంపౌండరు, చేతిలో ట్రే, ట్రేలో అరవై మూడు ముప్పావు మాత్రలు.

"మీ కాళ్లు పట్టుకుంటాను, మాత్ర వేసుకోండి" అంది, ఊళ్లో అందరిచేతా మాత్ర మానిపించడానికి వచ్చిన డాక్టరమ్మ.

"వేసుకోం!" అన్నారు, మాత్ర కోసం టెంటు వేసిన అరవై మూడు మందీ.

"మాస్టారూ, మీరు చదువుకున్నవారు. రేపెవరైనా మూర్ఛొచ్చి పడితే దీక్షకి చెడ్డపేరు కాదూ?"

హెడ్మాస్టారు ఆలోచనలో పడ్డారు. అందరినీ ఒకచోట కూడగట్టి గుసగుసలాడి, గొంతు సవరించుకుని వచ్చారు.

"సరే. వేసుకుంటాం. కానీ నిరసన తెలుపుతూ వేసుకుంటాం. రిజిస్టర్లో అలాగే రాయాలి."

కాంపౌండరు ఒక్కో పేరు ఎదురుగా 'నిరసనతో మింగినారు' అని రాశాడు. ఆ రోజు నుంచి సాయంత్రం వేళ ట్రే తీసుకెళ్లడం, వాళ్లు పిడికిలి బిగించి ఒక నినాదం ఇచ్చి మింగడం, ఈయన రాసుకోవడం. ట్రేలో ముక్కలు మాత్రం డాక్టరమ్మ చెప్పిన లెక్క ప్రకారం రెండు వారాలకొకసారి చిన్నవవుతూ వచ్చాయి. దీక్షలో అంత కట్టుబాటుంది కాబట్టి ఒక్కడు కూడా ఒక్క పూట తప్పలేదు. ట్రే ఖాళీ అయ్యాక కాంపౌండరు నీళ్ల డ్రమ్ము చాటుకి వెళ్లి, జేబులోంచి తన ముప్పావు ముక్క తీసి తనూ మింగేవాడు. నినాదం లేకుండా.

టెంటులో హెడ్మాస్టారు ఒక నల్లబల్ల నిలబెట్టి ఎడమచేత్తో దీక్షా నియమాలు రాశారు. ఉదయం ఆరింటికల్లా అందరూ హాజరు. పగలు కన్నంటుకుంటే పక్కవాడు లేపాలి. గంటకొకసారి ఆసుపత్రి చుట్టూ పది ప్రదక్షిణలు. త్యాగానికి గుర్తుగా టీ కాఫీలు బంద్. కునుకుపాట్లు పడేవాళ్లకి ఎక్కాలు అప్పజెప్పే శిక్ష.

డాక్టరమ్మ బల్ల ముందు నిలబడి రెండుసార్లు చదివింది.

"ఇది మీరు రాయించారా?" అని కాంపౌండరును లోగొంతుకతో అడిగింది.

"అయ్యో, నేనా? నాకేం తెలీదండీ."

"నేను వరండాలో అంటించినదాని కంటే బాగుంది. వాన పడి చెరిగిపోకుండా చూడండి. పైన ప్లాస్టిక్ కాగితం కప్పండి."

సాయంత్రం ఆరింటికి ఆసుపత్రి గేటు మూసేవారు. ఆ తర్వాత ఎవరింట్లో వాళ్లు రాత్రంతా మేలుకుని ఉండాలని కట్టడి. ఎవరి మనస్సాక్షికి వారే కాపలా.

మొదటి రెండు వారాలూ నరకమే. చేతులు వణికేవాళ్లు, ఊరికే కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు, కుర్చీ కోసం కొట్టుకునేవాళ్లు. పోస్ట్‌మ్యాన్ ఒక కాకితో పోట్లాటకి దిగాడు. డాక్టరమ్మ పొద్దునా సాయంత్రం టెంటులో తిరిగి ఒక్కొక్కరి నాడీ చూసేది. మరీ బాధపడుతున్న తొమ్మిదిమందికి తగ్గించడం కొన్నాళ్లు ఆపింది. బిస్కెట్ల డబ్బా పెద్దావిడకి మాత్రల అవసరం ఎప్పుడూ లేదు గానీ, ఇంట్లో ఒక్కతే ఏం తోచక దీక్షలో చేరింది. తల నెప్పులంటున్న వాళ్లందరికీ నుదురు ఒత్తడం ఆవిడ పని.

నాలుగో వారంలో కాంపౌండరు కళ్లకి ఏదో తేడా కనిపించింది. పొద్దున్నే టైలరు వచ్చి కుర్చీలో కూలబడి, "రాత్రంతా గోడకేసి చూస్తూ కూర్చున్నానండీ, రెప్ప వేస్తే ఒట్టు" అన్నాడు. ఆ చెప్పే చెంప మీద దిండు గలీబు బొత్తాం అచ్చు, నాలుగు చిల్లులతో సహా.

"అవునండీ" అని భార్య వంత పాడింది. "గురకైనా పెట్టకుండా కూర్చున్నారు." ఆవిడ జుట్టు ఒకవైపు గడ్డివాములా లేచి ఉంది.

ఆ రోజు కాంపౌండరు పనిగట్టుకుని అందరి మొహాలూ చూశాడు. దుప్పటి మడతలు, దిండు అంచులు, తలుపుకి తల ఆనించి నిద్రపోయిన పోస్ట్‌మ్యాన్ నుదుటిన గడియ గుర్తు. ఏళ్ల తరబడి కంటికి కునుకు లేదని కిటికీ దగ్గర ఏడ్చిన జనం, ఇప్పుడు రాత్రి నిద్రపట్టేసిందని తెలిస్తే పరువు పోతుందని ఒకళ్ల దగ్గర ఒకళ్లు దాచుకుంటున్నారు. కొందరు నిద్ర మొహం కనబడకుండా దారిలో కుళాయి దగ్గర కళ్లు నలుపుకుని ఎర్రగా చేసుకుని మరీ వచ్చేవారు. కాంపౌండరు డాక్టరమ్మతో చెబుదామనుకున్నాడు. నోరు రాలేదు. ఎందుకంటే రాత్రి తను కూడా, అరముక్క మీదే, కుర్చీలో పేపరు చదువుతూ నిద్రపోయాడు.

ఆరో వారం చివర్లో ఒకరోజు ఆరు దాటింది, ఏడు దాటింది, హెడ్మాస్టారు రాలేదు. ఎనిమిదైంది. టెంటులో అందరూ గేటు వంకే చూస్తున్నారు. ఆరింటికి ఒక్క నిమిషం ఆలస్యమైన వాళ్లని నిలబెట్టి కడిగేసే మనిషి.

"ఏమై ఉంటుందంటారు?" అంది టైలరు భార్య.

కాంపౌండరు లేచాడు. ఆయన వెనక అరవై రెండు మందీ లేచారు. రెండు వీధులవతల హెడ్మాస్టారి ఇల్లు. తలుపు ఆయన చెల్లెలు తీసింది.

"మాస్టారు..."

"అన్నయ్య ఇంకా లేవలేదండీ."

ఆ మాటకి వెనకనుంచి ఎవరో వెక్కడం మొదలుపెట్టారు. కాంపౌండరు లోపలి గదిలోకి అడుగుపెట్టాడు. హెడ్మాస్టారు వెల్లకిలా పడుకుని ఉన్నారు. కట్టు తీసేసిన చెయ్యి గుండెల మీద. కాంపౌండరు వంగి ముక్కు దగ్గర వేలు పెట్టబోయాడు. అంతలో హెడ్మాస్టారి గొంతులోంచి ఒక గురక, బస్సు ఎత్తెక్కుతున్నట్టు, నిదానంగా బయల్దేరి, పైదాకా వెళ్లి, విశ్రాంతిగా దిగింది.

ఎవరూ కదల్లేదు. చప్పుడవుతుందని చెప్పులు చేతబట్టుకున్నారు. గదిలో పట్టినంతమంది గదిలో, మిగిలినవాళ్లు కిటికీ బయట. లేపమని ఒక్కరూ అనలేదు. నిద్రంటే ఏమిటో తెలిసిన జనం. టైలరు భార్య తలుపు రెక్క చప్పుడవకుండా దాని కింద తన రుమాలు కూడా పెట్టింది. అలా అరగంట పైనే నిలబడ్డారు, గురక ఎక్కడం దిగడం వింటూ.

తొమ్మిదింబావుకి హెడ్మాస్టారు కళ్లు తెరిచారు. చుట్టూ వంగి చూస్తున్న మొహాలు కనిపించాయి. కొందరి కళ్లల్లో నీళ్లు. ఆయన మొహం పాలిపోయింది.

"ఎప్పుడు పోయాను?" అన్నారు హీనస్వరంతో.

"పోలేదు మాస్టారూ" అన్నాడు కాంపౌండరు. "నిద్రపోయారు."

హెడ్మాస్టారు ప్రాణం కుదుటపడి, ఆ వెంటనే సిగ్గుతో కుంచించుకుపోయారు. లేచి కూర్చుని దుప్పటి భుజాల మీదికి లాక్కున్నారు.

"నేను తప్పు చేశాను. ఇది ఈ ఒక్క రాత్రి సంగతి కాదు. మూడు వారాలుగా పడుకుంటున్నాను. మీరందరూ రాత్రంతా మేలుకుని ఉంటే నాయకుణ్ని నేను... నేను రాజీనామా చేస్తున్నాను."

కిటికీ బయటినుంచి పోస్ట్‌మ్యాన్ గొంతు వినబడింది.

"నేను నెలరోజుల్నుంచీ."

"నేనూ" అన్నాడు టైలరు, భార్య వంక చూడకుండా.

"నాకు తెలుసులెండి" అంది భార్య. "నేను మీకంటే ముందే."

ఆ తర్వాత ఎవరి మాట ఎవరికీ వినబడలేదు. తిట్టుకున్నారు, నవ్వుకున్నారు, మళ్లీ తిట్టుకున్నారు. ఆ గోల మధ్యలో కాంపౌండరు చెయ్యెత్తాడు.

"నేను కూడా చెప్పాలి. తొమ్మిదేళ్లుగా నేనూ ఈ మాత్రే వేసుకుంటున్నాను. నా చీటీకి ముద్ర నేనే కొట్టుకునేవాణ్ని. నీళ్ల డ్రమ్ము వెనకాల మింగుతూ వచ్చాను. ఇప్పుడు పావు ముక్కకి దిగాను."

"తెలుసు" అంది గుమ్మంలోంచి డాక్టరమ్మ. బ్యాగు పట్టుకుని అప్పుడే ఆయాసపడుతూ వచ్చింది. "రిజిస్టర్లో మీది రెండొందల పదకొండో నంబరు."

"మరి అడగలేదేమండీ?"

"వరుసలో వస్తారు కదా అని ఊరుకున్నాను. మీరు ముక్క సరిగ్గానే కోసుకుంటున్నారా లేదా అని మాత్రం డ్రమ్ము పక్క కిటికీలోంచి చూసేదాన్ని."

కాంపౌండరు చెవులు ఎర్రబడ్డాయి. టైలరు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. హెడ్మాస్టారి చెల్లెలు, ఇంతమందికి మంచినీళ్లకి గ్లాసులు ఎక్కడ తేవాలని, పక్కింటికి పరిగెత్తింది.

టెంటు ఆ వారంలోనే తీసేశారు. ఏడాది తిరిగేసరికి రెండొందల పదకొండు మంది ముప్పై ఎనిమిదికి దిగారు. అందులో కొందరికి మాత్ర అవసరమేనని డాక్టరమ్మే ఉంచింది. పదిమంది దాకా మానేసినట్టే మానేసి, మూడు వీధుల అవతల మందుల దుకాణంలో కొనుక్కుంటున్నారని తర్వాత తెలిసింది. ఆవిడ వాళ్ల ఇళ్లకి వెళ్లి మళ్లీ మొదట్నుంచీ మాట్లాడింది. ఇద్దరు విన్నారు.

ఇంత తగ్గుదల ఎలా సాధించారో తెలపమని పై ఆఫీసు అడిగింది. డాక్టరమ్మ కాగితం మీద ఉన్నదున్నట్టు రాసింది: 'రోగుల నిరసన వలన.' నెల్లాళ్లకి జవాబు వచ్చింది. మిగతా ఆసుపత్రులన్నీ రోగుల చేత మూడు నెలలకొక నిరసన తప్పక జరిపించాలనీ, టెంటు కొలతలు జతపరచిన నమూనా ప్రకారం ఉండాలనీ, నినాదాలకు ముందస్తు ఆమోదం పొందాలనీ అందులో ఉంది. శిక్షణ ఇవ్వడానికి హెడ్మాస్టారిని పిలిచారు. ఆయన వారానికి రెండు ఊళ్లు తిరుగుతూ జనాన్ని తిరగబడమని బతిమాలుతున్నారు.

కాంపౌండరు ఆఖరి ముక్క కూడా మానేసిన రోజు, తొమ్మిదింటికి దీపం ఆర్పి పడుకున్నాక, పక్క మంచం మీదినుంచి భార్య మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టింది.

"అయితే వచ్చే వారం మా తమ్ముడొచ్చి స్కూటరు పట్టుకెళ్తాడండీ."

"ఏ స్కూటరు?"

ఆవిడ తుళ్లిపడి లేచి కూర్చుంది. తొమ్మిదేళ్లలో ఆ చీకట్లోంచి 'ఊ' తప్ప ఇంకో మాట రావడం అదే మొదలు.

"మన స్కూటరేనండీ. ఇచ్చేద్దామంటే ఊ అన్నారుగా."

"నేనెప్పుడన్నాను?"

"నిన్న రాత్రి. వంటింటి గోడకి పసుపు రంగు వేయిద్దామన్నప్పుడూ ఊ అన్నారు. మీ అక్కయ్యగారితో మాటలు మానేద్దామన్నప్పుడూ ఊ అన్నారు."

ఆ గోడకి పసుపు రంగెందుకొచ్చిందో, అక్కయ్య ఎందుకు ఇంటికి రావడం లేదో కాంపౌండరుకి ఇప్పుడు అర్థమైంది. నెమ్మదిగా లేచి దిండుకి ఆనుకుని కూర్చున్నాడు.

"ఊ అంటే ఒప్పుకున్నట్టేనా?"

"మరి? తొమ్మిదేళ్లుగా ఈ ఇల్లు నడిచింది ఆ ఊల మీదే కదండీ."

ఆయనకు కోపం రావాలి. వచ్చింది కూడా, కాస్త. కానీ ఇన్నేళ్లూ ఈ మనిషి రోజూ చీకట్లో తనొక్కతే ఇంత మాట్లాడుకుందా అన్న ఆలోచన ఆ కోపాన్ని పక్కకి నెట్టేసింది.

"ఇంకా వేటికి ఊ అన్నాను? మొదట్నుంచీ చెప్పు."

"చాలా ఉన్నాయండీ. మీకు నిద్ర ఆలస్యమవుతుంది."

"కానీ. స్కూటరు మాత్రం ఇవ్వను."

ఆవిడ కిసుక్కున నవ్వి, కాళ్లు ముడుచుకుని, కొంగు భుజం మీదికి లాక్కుని, తొమ్మిదేళ్ల కిందటి మొదటి ఊ దగ్గర్నుంచి మొదలుపెట్టింది.